గాజు మీది రాత తెలిసినవారికే దొరుకుతుంది.. అమెరికా సంతల్లో ఇన్సులేటర్ల వేట

అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు వేసవిలో వెళ్ళివచ్చే మన జిల్లాల తల్లిదండ్రులకు అక్కడి గ్యారేజ్ సేల్‌లు కొత్త కాదు. శనివారం తెల్లవారగానే ఇంటి ముందు బల్లలు వేసి, అక్కరలేని సామానుకు ధర చీటీలు అంటించి అమ్మకానికి పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ బల్లల కింద, తుప్పు పట్టిన పనిముట్ల పక్కన, తరచూ ఒక అట్టపెట్టె కనిపిస్తుంది. అందులో బోర్లించిన గంటల వంటి గాజు ముద్దలు దుమ్ము కొట్టుకుని ఉంటాయి. నీలం, ఆకుపచ్చ కలగలిసిన రంగు. చేతిలోకి తీసుకుంటే అర కిలోకు అటూ ఇటూ బరువు. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే బరువులని కొందరు, పాత దీపాల విడిభాగాలని మరికొందరు భావించి ముందుకు సాగిపోతారు.

అవి ఒకప్పుడు టెలిగ్రాఫ్, టెలిఫోన్ తీగలను మోసిన ఇన్సులేటర్లు. వాటిని సేకరించే అభిరుచి అమెరికాలో 1960ల నుంచి వేళ్ళూనుకుంది. పెట్టెలో ఉన్నవాటిలో అధిక భాగం ఒకటి రెండు డాలర్లకు మించి విలువ చేయవు. ఎప్పుడో ఒకసారి వందల డాలర్ల విలువైనది వాటి నడుమ ఇరుక్కుని ఉంటుంది. అత్యంత అరుదైన నమూనాలు వేలంలో పది వేల డాలర్లు దాటిన సందర్భాలు సైతం ఉన్నాయి. విశేషమేమిటంటే రెండు డాలర్లది, రెండు వందల డాలర్లది చూపునకు కవలల వలె ఉండవచ్చు. ‘ఎంత పాతదైతే అంత విలువ’ అనే మన సాధారణ లెక్క ఇక్కడ పనిచేయదు. గాజు మీది అక్షరాలు, ఆకృతి, రంగు, అంచుల స్థితి.. ఈ నాలుగింటినీ కలిపి చదవగలిగినవారికే వేట ఫలిస్తుంది. అమ్మేవారిలో చాలామందికి ఆ చదువు లేదు. ఉన్నవారిలో కొందరు దానిని కొనేవారిని మోసగించడానికి వాడుతున్నారు.

తీగకు, కొయ్యకు నడుమ

రైలు కట్టల వెంట సాగిన మన తంతి స్తంభాలను చూసినవారికి వాటి మీద తెల్లని పింగాణీ గుబ్బలు గుర్తుండే ఉంటాయి. ‘తంతి వచ్చింది’ అంటే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడిన రోజులవి. 2013 జూలైలో తంతి సేవ ముగియడంతో ఆ మాటే వాడుక నుంచి తప్పుకుంది. మన దేశంలో బ్రిటిష్ పద్ధతిని అనుసరించి పింగాణీకి పెద్దపీట వేయగా, అమెరికాలో గాజు రాజ్యమేలింది. అక్కడ పింగాణీ ఇన్సులేటర్లు లేకపోలేదు. వాటిని సేకరించేవారూ వేరుగా ఉన్నారు. సంతల్లో సామాన్యుని కంటిని ఆకర్షించేది మాత్రం గాజే.

దాని పని సులువుగానే అర్థమవుతుంది. తీగలో ప్రవహించే విద్యుత్తు తడిసిన కొయ్య స్తంభం గుండా భూమిలోకి జారిపోకుండా నడుమ అడ్డుగా నిలవాలి. శామ్యూల్ మోర్స్ 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తొలి సందేశం పంపిన మార్గంలో మొదట తీగను భూమిలో పాతేందుకు ప్రయత్నించారు. అది విఫలమవడంతో స్తంభాల పైకి ఎక్కించారు. అప్పటి నుంచి గాజుకు పని దొరికింది. 1861 అక్టోబరులో అమెరికా తూర్పు, పడమర తీరాలను తంతి మార్గం కలిపింది. తర్వాత రైలు మార్గాలు, టెలిఫోన్, విద్యుత్ దీపాలు వరుసగా వచ్చాయి. ప్రతి స్తంభానికీ అడ్డకమ్ములు, ప్రతి కమ్మీకి పది దాకా కొయ్య మేకులు, ప్రతి మేకు మీద ఒక గాజు గుబ్బ. ఇవి ఎన్ని కోట్లు తయారై ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఆకృతిలోని ప్రతి వంకకూ ఒక కారణం ఉంది. పైనున్నది గుమ్మటం. దాని కింద తీగను ఆనించి కట్టడానికి గాడి. దిగువన విచ్చుకున్న భాగాన్ని సేకర్తలు పావడా అని పిలుచుకుంటారు. చాలావాటిలో లోపల మరో చిన్న పావడా ఉంటుంది. వాన పడి బయటి గాజంతా తడిసినా లోపలి పావడా పొడిగానే మిగులుతుంది. విద్యుత్తు జారిపోవాలంటే ఆ పొడి దారిని దాటవలసి వస్తుంది.

వేలు పెట్టి చూడండి

పాత సామాను దుకాణంలో గాజు గుబ్బ కనిపించినప్పుడు అనుభవజ్ఞులు మొట్టమొదట చేసే పని దానిని తలకిందులు చేసి గుంతలో వేలు పెట్టడం. లోపల సీసా మూత బిరడాకు ఉన్నట్లు మరచుట్లు తగిలితే అది మామూలు రకం. నునుపుగా ఉంటే మాత్రం ముఖంలో ఏ భావమూ కనపడనీయకుండా ధర అడగాలని పాత సేకర్తలు సరదాగా చెబుతారు.

తొలి రెండు దశాబ్దాల ఇన్సులేటర్లకు మరలు లేవు. కొయ్య మేకు మీద వాటిని బోర్లించి, తారుతోనో గుడ్డ చుట్టో బిగించేవారు. గాలికి తీగలు ఊగినప్పుడు, పల్లంలోని స్తంభం వద్ద తీగ పైకి లాగినప్పుడు గాజు ఊడి వచ్చేది. ఈ తలనొప్పికి మందు కనిపెట్టింది లూయీ కోవే అనే వడ్రంగి. గాజు లోపల మర, మేకు మీద మర ఉంటే గుబ్బను తిప్పి బిగించవచ్చన్న ఆలోచనకు ఆయన 1865 జూలై 25న పేటెంట్ పొందారు. ఆ హక్కు న్యూయార్క్‌లోని బ్రూక్‌ఫీల్డ్ గాజు వ్యాపారం చేతికి చేరింది. మర లేనివి అంతటితో మూలపడ్డాయి. అందువల్లనే నేడు దొరికే మర లేని గాజు చాలావరకు 1865కు ముందుకాలపుది, అరుదైనది, ఖరీదైనది. ఇక్కడ ఒక్క జాగ్రత్త అవసరం. ఇతర దేశాల తయారీలోనూ, అలంకరణ కోసం ఇటీవల పోసిన నమూనాల్లోనూ మర ఉండకపోవచ్చు. నునుపు గుంత కనిపించగానే ఎగిరి గంతేయకూడదు.

మన్సీ పట్టణపు గాజు

అట్టపెట్టెలో చేయి పెడితే ఎక్కువ సార్లు పైకి వచ్చే పేరు హెమింగ్రే. 1848లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో ఆరంభమైన ఈ సంస్థ నది దాటి కెంటకీలోని కోవింగ్టన్‌కు, 1888లో ఇండియానా రాష్ట్రపు మన్సీకి విస్తరించింది. ఇండియానాలో అప్పుడు సహజవాయువు పుష్కలంగా బయటపడింది. గాజు కొలిమికి ఇంధనమే ప్రధాన ఖర్చు కాబట్టి గాజు సంస్థలు ఆ పట్టణానికి వరుస కట్టాయి. పచ్చళ్ళ జాడీలకు పేరొందిన బాల్ సోదరులు చేరిందీ అక్కడికే. హెమింగ్రేను 1933లో ఓవెన్స్-ఇల్లినాయ్ సంస్థ కొనుగోలు చేసింది. అయినా గాజు మీద పాత పేరునే కొనసాగించింది. మన్సీలో ఇన్సులేటర్ల తయారీ 1960ల వరకు సాగింది.

ఈ సంస్థ పోసిన ‘హెమింగ్రే-42’ అమెరికాలో అత్యధికంగా కనిపించే గాజు ఇన్సులేటర్. నీటి రంగులోనో, తెల్లగానో ఉండే ఈ రకానికి ఒక డాలరు ఇస్తే న్యాయమైన ధర. అదే గుబ్బకు అలంకార దుకాణాల్లో పదిహేను, ఇరవై డాలర్ల చీటీ కనిపిస్తుంది. ఆ ధర గాజుకు కాదు, దుకాణం అద్దెకు.

బ్రూక్‌ఫీల్డ్ న్యూయార్క్‌ది, 1920ల ఆరంభంలో మూతపడింది. న్యూజెర్సీలోని విటాల్ టేటమ్ 1922 నుంచి రంగంలోకి వచ్చి, 1938లో ఆర్మ్‌స్ట్రాంగ్ పరమై, 1969లో కెర్ చేతికి మారింది. కెనడా వారి డొమినియన్, వర్జీనియాలోని లించ్‌బర్గ్, కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ గాజు సంస్థ వంటివి మరెన్నో. వీటిలో కొన్ని రెండు మూడేళ్ళకే మూతపడ్డాయి. స్వల్పకాలం బతికిన సంస్థల గాజుకే తరచూ గిరాకీ ఎక్కువ. శాన్ ఫ్రాన్సిస్కోలో 1870లలో వాడుకలోకి వచ్చిన ‘ఈ.సి. అండ్ ఎం. కో.’ అక్షరాల గుబ్బ కనిపిస్తే పడమటి తీరపు సేకర్తలు బేరం కూడా ఆడరని ప్రతీతి.

తేదీ చూసి మోసపోవద్దు

దుకాణాల్లో అత్యంత సామాన్యమైన పొరపాటు ఒకటి ఉంది. గాజు మీద ఉబ్బెత్తు అక్షరాలతో ‘పేటెంట్ మే 2 1893’ అని ఉంటుంది. అమ్మేవారు దానిని చూసి చీటీ మీద ‘1893 నాటిది’ అని రాస్తారు. అది తయారైన తేదీ కాదు. పావడా అంచున వరుసగా ఉండే చిన్న గాజు బొడిపెలకు హెమింగ్రే పొందిన పేటెంట్ తేదీ. వాన నీరు అంచుకు అంటుకుని నిలవకుండా ఆ బొడిపెల కొసల నుంచి చుక్కలుగా రాలిపోవాలన్నది ఉద్దేశం. ఆ తేదీని అచ్చుల మీద ఏళ్ళ తరబడి చెక్కుతూనే వచ్చారు. 1865 నాటి కోవే తేదీకీ ఇదే వర్తిస్తుంది. గాజు అంతకన్నా పాతది కాజాలదని మాత్రమే తేదీ చెబుతుంది. కొత్తది కాదని చెప్పదు.

అసలు కాలం తెలుసుకోవడానికి వేరే ఆనవాళ్ళు ఉన్నాయి. బ్రూక్‌ఫీల్డ్ వారు తమ కార్యాలయం చిరునామాను గాజు మీద పోసేవారు. 55 ఫుల్టన్ వీధి, తర్వాత 45 క్లిఫ్ వీధి, ఆపైన 83 ఫుల్టన్ వీధి. కార్యాలయం మారినప్పుడల్లా అచ్చు మీది చిరునామా మారింది. ఉత్తరం కవరు మీది తపాలా ముద్రలా అది ఉపకరిస్తుంది. ఇక ఓవెన్స్-ఇల్లినాయ్ కాలపు హెమింగ్రే గాజు మీద సంస్థ పేరు, ‘మేడ్ ఇన్ యు.ఎస్.ఎ.’ మాటలతో పాటు రెండు సంఖ్యలు, కొన్ని చుక్కలు కనిపిస్తాయి. ఒక సంఖ్య అచ్చుది, మరొకటి సంవత్సరానిది. అచ్చు ఇంకా పనికివస్తుంటే మరుసటి ఏడాది కొత్తది చేయించకుండా ఒక చుక్క చేర్చేవారు. 46 పక్కన మూడు చుక్కలుంటే 1949 అన్నమాట. పొదుపు కోసం చేసిన ఆ ఏర్పాటు నేడు సేకర్తలకు పంచాంగమైంది.

42 వేరు, 154 వేరు

తొలినాళ్ళలో సేకర్తలకు పెద్ద చిక్కు పేర్లతోనే. ఒకే ఆకృతిని అరడజను సంస్థలు వేర్వేరు పేర్లతో పోశాయి. ఎన్.ఆర్. వుడ్‌వర్డ్ అనే సేకర్త ఆకృతిని బట్టి ఒక్కో దానికి ఒక్కో సంఖ్యను కేటాయించారు. ‘కన్సాలిడేటెడ్ డిజైన్’ అన్న మాటలకు పొడి అక్షరాలుగా దానిని సీడీ సంఖ్య అంటారు. సంగీతపు సీడీలతో దీనికి సంబంధం లేదు. హెమింగ్రే-42 ఆకృతి సీడీ 154. విటాల్ టేటమ్ నెంబర్ 1, కెనడా వారి డొమినియన్-42 కూడా సీడీ 154 కిందికే వస్తాయి. అంటే గాజు మీది 42 సంస్థ తన జాబితాలో ఇచ్చుకున్న అంకె మాత్రమే. మర లేనివన్నీ 700 వరుసలో ఉంటాయి. తేనెపట్టులా ఉండే సీడీ 145కు ‘బీహైవ్’ అని, రెండు చెవులున్న సీడీ 257కు ‘మికీ మౌస్’ అని ముద్దు పేర్లు.

ఈ సంఖ్యల వల్లనే ధరల పట్టికలు సాధ్యమయ్యాయి. ‘క్రౌన్ జ్యూయెల్స్ ఆఫ్ ది వైర్’ పత్రిక 1969లో, జాతీయ ఇన్సులేటర్ సంఘం 1973లో మొదలయ్యాయి. మెక్‌డూగల్డ్ దంపతులు 1990లో వెలువరించిన ఉత్తర అమెరికా గాజు ఇన్సులేటర్ల చరిత్ర ఈ రంగంలో ప్రామాణిక గ్రంథం. వారి ధరల పట్టికలో సీడీ సంఖ్య, దాని కింద గాజు మీది ప్రతి అక్షర భేదం, ప్రతి రంగు విడివిడిగా ఉంటాయి. ఒక సంతకు వెళ్ళే ముందు ఆ పట్టికలోని 102, 106, 145, 154, 162 ఆకృతుల పుటలను తిరగేసి వెళ్ళినా కొత్తవారికి సగం శ్రమ తగ్గుతుంది.

రంగులోనే రహస్యం

ఇన్సులేటర్‌కు రంగుతో పని లేదు. తీగ దృష్టిలో నీలమైనా, పచ్చనైనా ఒకటే. అందుకే తయారీదారులు రంగు గురించి పట్టించుకోలేదు. ఇసుకలో సహజంగా ఉండే ఇనుము వల్ల గాజుకు నీలి ఆకుపచ్చ ఛాయ వస్తుంది. దానినే ‘అక్వా’ అంటారు. కొలిమిలో పగిలిన సీసాలు, మిగిలిన గాజు కలిసినప్పుడు తేనె రంగు, ముదురాకు రంగు, పాల సుడులు వచ్చాయి. యాదృచ్ఛికంగా పుట్టిన ఆ రంగులే నేడు ధరను శాసిస్తున్నాయి. హెమింగ్రే-19 అక్వాలో సాధారణ వస్తువు. అదే అచ్చు కోబాల్ట్ నీలంలో ఉంటే వందల డాలర్లు. కార్నింగ్ సంస్థ పైరెక్స్ గాజుతో పోసినవాటిలో కొన్నింటి మీద, వాన నీటిలో నూనె తెట్టు మీద కనిపించే ఇంద్రధనుస్సు వంటి మెరుపు ఉంటుంది. దానిని ‘కార్నివాల్’ అంటారు.

వీటన్నింటిలో మనసు దోచేది, చిక్కులు తెచ్చేది వంగపండు రంగు. ఇనుము ఇచ్చే పచ్చదనాన్ని పోగొట్టి గాజును తెల్లగా చేయడానికి పూర్వం మాంగనీసు కలిపేవారు. అలాంటి గాజు స్తంభం మీద దశాబ్దాల పాటు ఎండకు నిలిస్తే అతినీలలోహిత కిరణాలకు మాంగనీసు మెల్లగా ఊదా రంగులోకి తిరుగుతుంది. కాలిఫోర్నియా గాజులోనూ, కెనడా పసిఫిక్ రైల్వే పేరున్న గుబ్బల్లోనూ ఈ రంగు ఎక్కువ. ఎండ వేసిన రంగు కనుక దానికి అంత ఆదరణ.

ఎండ యాభై ఏళ్ళలో చేసే పనిని గామా కిరణాలు కొన్ని గంటల్లో చేస్తాయి. వైద్య సామగ్రిని శుద్ధి చేసే తరహా యంత్రాల్లో చవక గాజును పెట్టించి, చిక్కటి ఊదా, గోధుమ, పొగ రంగులు తెప్పించి అరుదైనవిగా అమ్మడం ఈ రంగాన్ని పట్టి పీడిస్తున్న జాడ్యం. అలా మార్చిన గాజు రేడియోధార్మికం కాదు. ఇంట్లో ఉంచుకుంటే ప్రమాదమేమీ లేదు. పోయేది డబ్బు, దాంతో పాటు గాజు చెప్పే నిజం. ఒకసారి మార్చిన గాజు చేతులు మారుతూ పోతే నాలుగో కొనుగోలుదారు నాటికి ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో ఆనవాలు ఉండదు. పట్టికలోకి లేని రంగు ఒకటి వచ్చి చేరుతుంది. వట్టి మోసం కన్నా ఇదే పెద్ద నష్టమని చెప్పక తప్పదు.

పసిగట్టడానికి ముందు చెప్పిన చదువే ఆధారం. 1940ల నాటి సంవత్సరపు అంకె, చుక్కలు ఉన్న హెమింగ్రే-42 ముదురు వంగపండు రంగులో కనిపిస్తే ఆ రెండూ పొసగవు. గాజు చెప్పే కాలం నాటికి ఆ రంగునిచ్చే మాంగనీసు పాతబడిపోయింది. ఆ అచ్చుకు, ఆ అక్షరాలకు పట్టికలో ఆ రంగు నమోదు కాలేదంటే అనుమానించాలి. ఒకే బల్ల మీద వేర్వేరు సంస్థల గుబ్బలన్నీ ఒకే ఛాయ ఊదాలో వరుసగా నిలబెట్టి ఉంటే అనుమానం కూడా అక్కరలేదు. సహజమైన ఎండ రంగు సాధారణంగా లేతగా ఉంటుంది. మరో సంగతి, కిరణాల రంగు కొలిమి వేడికి తిరిగి విరిగిపోతుంది. అయితే సహజమైన ఎండ రంగు కూడా అలాగే పోతుంది కాబట్టి ఆ పరీక్ష ఇంట్లో చేసేది కాదు.

ఇంకా కొన్ని మాయలున్నాయి. పైన రంగు పూత పూసినవి గోటితో గీకితే బయటపడతాయి. ఎగిరిన పెచ్చును జిగురు గాజుతో నింపి పాలిష్ పట్టినవి పగటి వెలుతురులో తెలియవు. చిన్న అతినీలలోహిత దీపం వేస్తే నింపిన చోటు తరచూ వేరుగా మెరుస్తుంది. జాతీయ సమావేశాల సందర్భంగా పోసిన చిట్టి స్మారక నమూనాలు మోసపు సరుకు కాదు. వాటి మీద ఏ సంవత్సరపు జ్ఞాపకమో రాసే ఉంటుంది. తెలియక వాటిని పాత గాజుగా అమ్మేవారు మాత్రం తారసపడతారు.

దీపానికి తొలిచిన గుబ్బ వద్దు

దెబ్బల విషయంలో సేకర్తలు నిర్దయులు. పావడా అంచున ఒక బొడిపె విరిగినా, గాడిలో తీగ రాపిడికి పెచ్చు లేచినా ధర పడిపోతుంది. అరుదైన వాటికి కొంత మన్నింపు ఉంది. సాధారణమైన వాటికి లేదు. గుబ్బను కిటికీ వైపు ఎత్తి నెమ్మదిగా తిప్పి చూస్తే లోపలి జీర పగులు వెండి గీతలా మెరుస్తుంది. గాజులోని బుడగలు, మడతలు పోతలో సహజంగా వచ్చినవి కాబట్టి అవి దోషాలు కావు. రెండు వైపులా నిలువుగా కనిపించే అచ్చు అతుకు గీత కూడా పగులు కాదు. గుమ్మటం నడినెత్తిన రంధ్రం ఉన్నదాన్ని మాత్రం ఎంత ముచ్చటైన రంగులో ఉన్నా పక్కన పెట్టాలి. వేలాడే దీపంగా మార్చడానికి తొలిచినది అది. ఇలా ఎన్ని మంచి గాజులు చేతికి అందకుండా పోయాయో!

ఎక్కడ వెదకాలి

పెద్ద సంతల పేరు చెప్పుకుంటే మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ ముందుంటుంది. 1959లో మొదలైన ఈ సంత ఏటా మే, జూలై, సెప్టెంబరు నెలల్లో జరుగుతుంది. కాలిఫోర్నియాలోని పాసడీనా రోజ్ బౌల్ మైదానంలో ప్రతి నెల రెండో ఆదివారం, టెక్సాస్‌లోని క్యాంటన్‌లో నెల మొదటి సోమవారానికి ముందు నాలుగు రోజులు సంత సాగుతుంది. క్యాంటన్ డాలస్‌కు వంద కిలోమీటర్ల లోపే కావడంతో అక్కడి తెలుగు కుటుంబాలకు పగలు వెళ్ళి రాత్రికి తిరిగిరావచ్చు. ఆగస్టు మొదటి వారంలో మిషిగన్ నుంచి అలబామా దాకా 690 మైళ్ళ పొడవున రోడ్డు వెంట సాగే ‘127 యార్డ్ సేల్’ ఒక విడ్డూరం. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌ను ఊరి తర్వాత ఊరుగా వెయ్యి కిలోమీటర్లు పరిస్తే ఎలా ఉంటుందో అలా ఊహించుకోవాలి.

వాస్తవానికి మంచి వస్తువు పెద్ద సంతలో కన్నా చిన్న చోట దొరికే అవకాశమే ఎక్కువ. సంతలో అమ్మేవారి చేతిలోనూ ధరల పట్టిక ఉంటుంది. రైలు మార్గాల పక్కనున్న పల్లెల్లో, పదవీ విరమణ చేసిన టెలిఫోన్ లేదా విద్యుత్ సిబ్బంది ఇళ్ళలో జరిగే ఎస్టేట్ సేల్‌లు నిజమైన గనులు. స్తంభాలను తొలగించినప్పుడు లైన్‌మెన్ ఇంటికి తెచ్చుకున్న గుబ్బలు గ్యారేజీ అటకల మీద దశాబ్దాలుగా ఉండిపోతాయి. యజమాని మరణానంతరం ఇంట్లోని సామాను మొత్తాన్ని రెండు రోజుల్లో అమ్మే ఈ అమ్మకాల్లో మొదటి రోజు ఉదయం వరుసలో నిలబడినవారికి వస్తువు, రెండో రోజు మధ్యాహ్నం వచ్చినవారికి సగం ధర దక్కుతాయి. పది గుబ్బల పెట్టెలో ఒకటే కావలసి ఉంటే ఆ ఒక్కదాన్నే వేలెత్తి చూపకుండా పెట్టె మొత్తానికి ధర అడగడం పాత వేటగాళ్ళ పద్ధతి. తెలియని ముసలి దంపతుల వద్ద వందల డాలర్ల గాజును డాలరుకు తీసుకుపోవడం సబబేనా అన్న చర్చ సేకర్తల్లో ఎప్పటి నుంచో ఉంది. అమ్మేవారు ‘దీని విలువ ఎంత?’ అని నేరుగా అడిగితే నిజం చెప్పాలన్నది వారిలో పెద్దలు పాటించే నియమం.

అంతర్జాల వేలం వచ్చాక వేట తీరు మారింది. 1995లో ఈబే ఆరంభమైన నాటి నుంచి ఇంట్లో కూర్చునే కొనవచ్చు. కానీ ఫొటోలో రంగు నమ్మదగినది కాదు. వెనుక దీపం పెడితే అక్వా కూడా నీలమణిలా కనిపిస్తుంది. తెల్ల కాగితం ముందు, కిటికీ వెలుతురులో తీసిన మరో ఫొటోను అడగడంలో తప్పు లేదు.

స్తంభం ఎక్కితే నేరం

రైలు పట్టాల వెంట పాత స్తంభాలు, వాటి మీద గాజు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. వాటిని దించి తెచ్చుకోవచ్చునని అనుకోవడం పొరపాటు. రైల్వే భూమిలో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే అమెరికాలో నేరం. స్తంభం మీది గాజు ఎంత పాడుబడినా సంస్థ ఆస్తే. చచ్చిన తీగ అనుకున్నదానిలో విద్యుత్తు ఉండవచ్చు, కొయ్య లోపల పుచ్చి ఉండవచ్చు. మన దేశంలోనూ రైల్వే ఆస్తిని అక్రమంగా కలిగి ఉండటం 1966 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. పాత ఇనుప సామాను కొట్లో తంతి పింగాణీ కనిపించి ముచ్చటపడినవారు రసీదు అడిగి పుచ్చుకోవడం మేలు.

కొన్న గాజును ఇంటికి చేర్చిన తర్వాత వేడి నీళ్ళలో ముంచరాదు. పాత గాజు ఒక్కసారిగా వేడెక్కితే చిట్లుతుంది. గోరువెచ్చని సబ్బు నీరు, మెత్తని కుంచె చాలు. రైలింజన్ మసి గట్టిగా పట్టినవాటికి ఆక్సాలిక్ ఆమ్లపు ద్రావణంలో నానబెడతారు. అది విషం. చేతి తొడుగులు లేకుండా, పిల్లలు తిరిగే వంటింట్లో ఆ పని చేయకూడదు. స్వదేశానికి తెచ్చుకునేవారు ఒక్కొక్క గుబ్బకు రెండు మేజోళ్ళు తొడిగి, బట్టల నడుమ సర్దడం తేలికైన ఉపాయం. నాలుగు గుబ్బలు రెండు కిలోలకు పైగా తూగవచ్చని, మామిడి పచ్చడి ఖాళీ చేసిన చోటు వాటికి చాలదని ముందే లెక్క వేసుకోవాలి. సర్దే ముందు చిన్న కాగితం మీద కొన్న ఊరు, తేదీ, ఏ మార్గం నుంచి దించిందో అమ్మినవారు చెప్పి ఉంటే ఆ మాట రాసి, చుట్టి, మర గుంతలో దూర్చి ఉంచాలి.